రాస్టర్ సెల్ సైజు, రీశాంప్లింగ్: గోదావరి డెల్టా మ్యాపులు చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో కొబ్బరి తోటను ఆనుకుని వరిచేను ఉంటుంది. దాని పక్కన బోదె, బోదె దాటితే రొయ్యల చెరువు, మధ్యలో మనిషి నడిచేంత గట్టు. ఇంత దగ్గర దగ్గరగా మారిపోయే నేలను చదరపు గడుల్లో పెట్టాలంటే గడి ఎంత ఉండాలి? (ఇలా గడులుగా ఉండే డేటానే రాస్టర్, ఒక్కో గడి ఒక సెల్.) ఒక కొలత గడుల నుంచి ఇంకో కొలతకు ఎలా మార్చాలి, అంటే రీశాంప్లింగ్ ఎలా చేయాలి? ఈ పేజీలోవన్నీ ఆ ప్రశ్నలే. ఉదాహరణలు ధవళేశ్వరం దిగువ ప్రాంతానివి. మెనూ పేర్లు మ్యాపుల సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్‌వి. ఆర్క్‌జీఐఎస్‌లో తేడా ఉన్నచోట ఆ సంగతి చెప్పాం.

10 మీటర్ల సెల్, 30 మీటర్ల సెల్ అంటే నేల మీద ఎంత? సెంట్లలో చెప్పండి.

10 మీటర్ల సెల్ 100 చదరపు మీటర్లు, అంటే రెండున్నర సెంట్లకు కాస్త తక్కువ. 20 మీటర్లది దాదాపు 10 సెంట్లు, 30 మీటర్లది 22 సెంట్ల పైచిలుకు. ఎకరంలో 10 మీటర్ల సెల్స్ 40 పడతాయి. 30 మీటర్లవైతే నాలుగున్నరే. మన దేశపు ఉపగ్రహ కెమెరా లిస్-4 చిత్రాల 5.8 మీటర్ల సెల్ ఒక సెంటు కూడా ఉండదు. ఇంకో కెమెరా ఏవైఫ్స్ 56 మీటర్ల సెల్ ముప్పాతిక ఎకరం దాటుతుంది.

అయితే ఎన్ని సెల్స్ పడతాయన్న దానికన్నా, ఎన్ని సెల్స్ పూర్తిగా ఆ చేనులోనే ఉంటాయన్నది ముఖ్యం. అరెకరం మడి చదరంగా ఉంటే భుజం 45 మీటర్లు. 10 మీటర్ల గ్రిడ్‌కు సమాంతరంగా ఉన్నా అందులో పూర్తిగా లోపల పడేవి 9 నుంచి 16 సెల్స్. మిగతావన్నీ గట్టునో, పక్క మడినో కలుపుకున్నవే. 30 మీటర్ల గ్రిడ్‌లో పూర్తిగా లోపల పడేది అదృష్టం ఉంటే ఒక్కటి, లేకపోతే అదీ లేదు. అందుకే అరెకరం కమతాలకు పంట ఏదో 30 మీటర్ల సెల్స్ ఇచ్చే ఉపగ్రహం ల్యాండ్‌శాట్‌తో విడివిడిగా చెప్పమంటే కుదరదు. ఆయకట్టు మొత్తానికి చెప్పమంటే బాగానే చెబుతుంది.

సెల్ సైజు, రిజల్యూషన్ ఒకటేనా?

కాదు. సెల్ సైజు అంటే ఫైల్లో గడి ఎంత అన్నది. రిజల్యూషన్ అంటే సెన్సర్ నిజంగా ఎంత చిన్న వస్తువును విడదీసి చూడగలదన్నది. సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ చిత్రం 10 మీటర్ల సెల్స్‌తో వస్తుంది కానీ అది విడదీయగలిగేది సుమారు 20 మీటర్లు. ల్యాండ్‌శాట్ 8, 9ల ఉష్ణ బ్యాండ్లను (బ్యాండ్ అంటే ఒక రకం కిరణాలతో తీసిన చిత్రం) 100 మీటర్లకు కొలిచి, పంపిణీ చేసేముందే 30 మీటర్లకు రీశాంపుల్ చేస్తారు. అంటే మీరు ముట్టుకోకముందే ఒకసారి రీశాంప్లింగ్ అయిపోయింది. చెరువుల ఉపరితల ఉష్ణోగ్రత చూసేవారు దీన్ని మరచిపోయి, నాలుగు ఎకరాల చెరువుకు, దాని గట్టుకు మధ్య ఉష్ణోగ్రత తేడా లెక్కకడుతుంటారు. ఆ చెరువు మొత్తం కలిపినా ఒకటిన్నర ఉష్ణ సెల్ కంటే పెద్దగా ఉండదు.

30 మీటర్ల ఎత్తుల డేటాను 5 మీటర్లకు మారిస్తే వివరం పెరుగుతుందా?

పెరగదు. పెరిగేది ఫైల్ ఒక్కటే, అదీ 36 రెట్లు. ఈ ప్రశ్న మిగతా జిల్లాలవారికన్నా డెల్టావారికే ఎక్కువ నష్టం చేస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం డేటాలో ఎత్తులు పూర్ణాంక మీటర్లలో ఉంటాయి: 2, 3, 4. మధ్యలో ఏమీ లేదు. కొండ ప్రాంతంలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. సముద్రమట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తులో మైళ్ళకొద్దీ చదునుగా ఉన్న నేల మీద మాత్రం ఒక మీటరంటే చాలా పెద్ద మెట్టు. దీన్ని నియరెస్ట్ నైబర్‌తో (దగ్గరి సెల్ విలువను అలాగే తెచ్చే పద్ధతి) 10 మీటర్లకు మార్చి వాలు లెక్క కట్టండి. 2, 3 కలిసే అంచు దగ్గర 30 మీటర్ల గ్రిడ్‌లో 1.7 శాతం వచ్చే వాలు ఇప్పుడు 5 శాతం అవుతుంది, మిగతా అంతటా సున్నా అవుతుంది. నేల మారలేదు, వాలు మాత్రం మూడింతలైంది. బైలీనియర్‌తో (చుట్టూ ఉన్న సెల్స్ విలువల మధ్య అంచనా కట్టే పద్ధతి) మారిస్తే మెట్లు నున్నగా అవుతాయి, కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) అందంగా వస్తాయి. ప్రమాదమంతా ఆ అందంలోనే ఉంది.

కొల్లేరు అభయారణ్యానికి 1999లో +5 అడుగుల కాంటూరును హద్దుగా నిర్ణయించారు. 5 అడుగులంటే 1.52 మీటర్లు. పూర్ణాంక మీటర్ల డేటాలో 1.52 అనే ఎత్తే లేదు. 1కి, 2కి మధ్య బైలీనియర్ ఊహించిన గీత అది. పైగా ఎస్‌ఆర్‌టీఎం నిలువు కచ్చితత్వానికి పెట్టుకున్న ప్రమాణమే 90 శాతం చోట్ల 16 మీటర్ల లోపు. చదును నేలల్లో వాస్తవ దోషం అంతకన్నా బాగా తక్కువగానే ఉంటుంది, అయినా ఐదడుగుల కాంటూరు గీసేంత తక్కువ కాదు. ఐరోపా కోపర్నికస్ కార్యక్రమపు 30 మీటర్ల ఎత్తుల డేటా దశాంశాలతో వస్తుంది, మెరుగైనది కూడా. కానీ రెండూ ఉపరితల నమూనాలే. కొబ్బరి తోట ఉన్నచోట నేల కాక ఆకుల గుబురు ఎత్తు కొంతవరకు కలుస్తుంది. నీటి ప్రవాహం లెక్కిస్తే తోటలు ఆనకట్టల్లా అడ్డుపడతాయి. ఏ రీశాంప్లింగూ దీన్ని సరిచేయలేదు. ఆ స్థాయి పనికి లైడార్ (లేజర్‌తో ఎత్తు కొలవడం) గానీ, లెవెలింగ్ సర్వే గానీ కావాలి.

వేరే లేయర్లతో గ్రిడ్ కలవడం కోసం ఎత్తుల రాస్టర్ అయిన డెమ్‌ను సన్నని సెల్స్‌కు మార్చక తప్పకపోతే బైలీనియర్ వాడండి, అవుట్‌పుట్ డేటా టైపును ఫ్లోట్32గా (దశాంశాలు ఉండే రకంగా) పెట్టండి. ఇంటిజర్‌గా వదిలేస్తే బైలీనియర్ చేసిన లెక్కలో దశాంశాలు పోయి మళ్ళీ మెట్లే మిగులుతాయి.

ఏ పద్ధతి ఎప్పుడు వాడాలి?

ముందు సెల్‌లోని అంకె ఏమిటో చూడండి. అది ఒక రకానికి పెట్టిన కోడా (వరి 1, చెరువు 2)? కొలతా (ఎత్తు, పరావర్తనం, ఉష్ణోగ్రత)? లేక లెక్కించి పంచిన మొత్తమా (జనాభా)? తర్వాత ఎటు మారుస్తున్నారో చూడండి: సన్నని సెల్స్ నుంచి పెద్దవాటికా, పెద్దవాటి నుంచి సన్నవాటికా? ఈ రెండు సంగతులు తేలితే పద్ధతి తేలినట్టే.

కోడ్‌లైతే సన్నగా చేసేటప్పుడు నియరెస్ట్ నైబర్, పెద్దగా చేసేటప్పుడు మోడ్ (ఎక్కువ సెల్స్‌లో ఉన్న విలువ). నియరెస్ట్ కొత్త అంకెను పుట్టించదు, దగ్గరి సెల్ విలువను అలాగే తెస్తుంది. అందుకు బదులుగా స్థానం జరుగుతుంది: ఒక్కో దిశలో సగం సెల్ వరకు, మూలగా చూస్తే 30 మీటర్ల డేటాలో 21 మీటర్ల వరకు. ఏటిగట్టు మీది రోడ్డు ఏట్లోకి దిగినట్టు కనిపించడానికి ఇది చాలు.

కొలతలైతే సన్నగా చేసేటప్పుడు బైలీనియర్, పెద్దగా చేసేటప్పుడు యావరేజ్. బైలీనియర్ చుట్టూ ఉన్న 4 సెల్స్‌ను చూస్తుంది, క్యూబిక్ 16ను, లాంజోస్ 36ను. క్యూబిక్, లాంజోస్ అంచులను పదునుగా ఉంచుతాయి కాబట్టి చూడ్డానికి చిత్రం బాగుంటుంది. కానీ అసలు డేటాలో లేని కనిష్ఠాలు, గరిష్ఠాలు పుట్టిస్తాయి. చెరువు గట్టు దగ్గర నీటి పరావర్తనం రుణ సంఖ్య అయి కూర్చుంటుంది. గోడకు తగిలించే మ్యాపుకు క్యూబిక్ మంచిదే, లెక్కలకు వద్దు.

ఇక్కడ తెలియకుండా జరిగే పొరపాటు ఒకటుంది. 10 మీటర్ల డేటాను 100 మీటర్లకు మారుస్తూ బైలీనియర్ ఎంచుకుంటే ఏమవుతుంది? కొత్త సెల్ కింద పాతవి 100 ఉన్నాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు నడిమి నాలుగింటినే చూసి మిగతా 96ను వదిలేస్తాయి. క్యూజీఐఎస్ వెనక పనిచేసే జీడాల్ 2.0 నుంచి ఆ పరిధిని నిష్పత్తి ప్రకారం పెంచుతుంది కాబట్టి రాస్టర్‌ను కొత్త గ్రిడ్‌కు మార్చే క్యూజీఐఎస్ వార్ప్‌లో ఈ బాధ తక్కువ. ఆర్క్‌జీఐఎస్‌లో ఇలాంటి పనికి రీశాంపుల్ టూల్ కాక అగ్రిగేట్ టూల్ వాడండి.

భూవినియోగ మ్యాపులో వరిచేల చుట్టూ ఖాళీ నేల అంచు వచ్చింది. ఎందుకు?

కోడ్‌లకు సగటు కట్టారు కాబట్టి. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ ఇచ్చే 10 మీటర్ల వరల్డ్‌కవర్‌లో సాగునేల కోడ్ 40, నిలకడ నీరు 80. రెండూ కలిసేచోట బైలీనియర్ సగటు తీస్తే 60. అది ఖాళీ నేల కోడ్! చెట్లు 10, కట్టడాలు 50: సగటు 30, అంటే గడ్డి భూమి. కాబట్టి ఈ తప్పు చేసినవారి మ్యాపులో ప్రతి చెరువు చుట్టూ బీడు, కొబ్బరి తోటలున్న ప్రతి ఊళ్ళోనూ పచ్చిక కనిపిస్తాయి. కోరింగ వైపు మడ అడవి 95, నీరు 80: సగటు 87.5. అక్కడ ఏ తరగతీ లేదు కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది. తప్పు కోడ్ ఇంకో నిజమైన తరగతి మీద పడినప్పుడే ఎవరికీ అనుమానం రాదు.

సెంటినెల్-2 వర్గీకరణ లేయర్‌లోనూ ఇదే గోల. పచ్చదనం 4, మబ్బు 8, మధ్యలో 6 అంటే నీరు. మబ్బు అంచుల్లో చెరువులు పుట్టుకొస్తాయి. ఆ లేయర్ 20 మీటర్లది, బ్యాండ్లు 10 మీటర్లవి. కలపాలంటే నియరెస్ట్ ఒక్కటే దారి. ల్యాండ్‌శాట్ నాణ్యత బ్యాండ్ అయితే బిట్ల మూట. దానికి సగటు అన్న మాటే లేదు.

సరిచూడడం తేలిక. రీశాంపుల్ చేశాక ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో రాస్టర్ లేయర్ యూనిక్ వాల్యూస్ రిపోర్ట్ నడపండి. పాత ఫైల్లో లేని కోడ్ ఒక్కటి కనిపించినా ఆ ఫైల్ పారేయండి.

30 మీటర్లకు మార్చాక పంట కాలువలు, మురుగు కాలువలు మాయమయ్యాయి. ఎలా నిలుపుకోవాలి?

డెల్టా మ్యాపుల్లో ఎక్కువమంది తలపట్టుకునేది ఇక్కడే. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. 10 మీటర్ల వెడల్పున్న కాలువ కిలోమీటరు పొడవునా తిన్నగా పోతోందనుకుందాం. నీటి విస్తీర్ణం 10,000 చదరపు మీటర్లు, 2.47 ఎకరాలు. ఈ నీటి మ్యాపును 10 నుంచి 30 మీటర్లకు మారిస్తే ప్రతి కొత్త సెల్ కింద పాతవి 9, అందులో నీరు 3.

మోడ్ వాడితే ఆరుకు మూడు ఓడిపోతుంది, కాలువ మొత్తం పోతుంది: సున్నా ఎకరాలు. మ్యాగ్జిమం వాడితే తగిలిన ప్రతి సెల్ నీరే: 7.41 ఎకరాలు. నియరెస్ట్ నడిమి సెల్ ఒక్కదాన్నే చూస్తుంది. కాలువ నడిమి వరుసలో పోతే 7.41, పక్క వరుసలో పోతే సున్నా. కాలువ ఏటవాలుగా పోతుంటే కాసేపు కనిపించి కాసేపు మాయమై తెగిన దారంలా ఉంటుంది. ఒకే కాలువకు మూడు పద్ధతుల్లో ఇన్ని రకాల జవాబులు!

సరైన దారి యావరేజ్, కానీ తరగతుల మ్యాపు మీద కాదు. ముందు రాస్టర్ కాలిక్యులేటర్‌లో నీరుంటే 1, లేకపోతే 0 అనే ముసుగు చేయండి. దాన్ని యావరేజ్‌తో, ఫ్లోట్32గా 30 మీటర్లకు మార్చండి. ప్రతి సెల్‌లో 0.33 వస్తుంది, అంటే మూడో వంతు నీరు. వాటన్నిటినీ కూడి 900తో గుణిస్తే మళ్ళీ 10,000 చదరపు మీటర్లే. ఏమీ పోలేదు. చెరువులకు, కొబ్బరి తోటలకు, మడ అడవులకు ఒక్కోదానికి ఇలా ఒక్కో భిన్నాల లేయర్ చేసుకుంటే, ముతక గ్రిడ్‌లోనూ ఎకరాల లెక్క చెదరదు.

విస్తీర్ణం ఒక్కటే కావాలంటే అసలు రీశాంపుల్ చేయకండి. ఉన్న గ్రిడ్‌లోనే సెల్స్ లెక్కపెట్టండి. నీటి పారుదల వరుస కావాలంటే రాస్టర్‌ను నమ్ముకోకుండా కాలువలను లైన్ లేయర్‌గా గీసి పెట్టుకోండి.

ఏటిగట్ల విషయం దీనికి అద్దంలో బొమ్మ. చుట్టూ నేల 2 మీటర్లు, గట్టు తల 6 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు అనుకోండి. వరద నమూనా కోసం 100 మీటర్ల సెల్‌కు యావరేజ్ తీస్తే గట్టు 2.4 మీటర్లకు దిగిపోతుంది. అప్పుడు చిన్న వరదకే నమూనాలో గట్టు పొర్లి ఊళ్ళు మునుగుతాయి. నేలకు యావరేజ్ తీసి, గట్టు ఉన్న సెల్స్‌కు మాత్రం మ్యాగ్జిమం విలువను పైన అతికించండి.

నీటి సూచికకు కావలసిన బ్యాండ్లు ఒకటి 10, ఒకటి 20 మీటర్లు. ఎటు మార్చాలి?

ఎంఎన్‌డీడబ్ల్యూఐకి సెంటినెల్-2లో ఆకుపచ్చ బ్యాండు 10 మీటర్లు, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ 20 మీటర్లు. పెద్ద చెరువులు, గౌతమి, వశిష్ఠ పాయల వంటివి చాలనుకుంటే ఆకుపచ్చను యావరేజ్‌తో 20కి దించండి. అది నిజాయితీగల పని. 10లోనే కావాలంటే షార్ట్‌వేవ్‌ను బైలీనియర్‌తో మార్చవచ్చు. అయితే 10 మీటర్ల కాలువ షార్ట్‌వేవ్‌లో అప్పటికే పక్క చేలతో కలిసిపోయి ఉంటుంది, రీశాంప్లింగ్ దాన్ని విడదీయదు. సన్న కాలువలకు రెండు బ్యాండ్లూ 10 మీటర్లలో ఉండే ఎన్‌డీడబ్ల్యూఐ, అంటే ఆకుపచ్చ, నియర్ ఇన్‌ఫ్రారెడ్ జత మేలు. ఊళ్ళ దగ్గర ఇంటి కప్పులను నీరనుకుంటుంది, అంతవరకు చేత్తో సరిచేసుకోవాలి.

ఎన్‌డీవీఐ లెక్కగట్టి రీశాంపుల్ చేయాలా, రీశాంపుల్ చేసి లెక్కగట్టాలా?

ఎన్‌డీవీఐ అంటే నియర్ ఇన్‌ఫ్రారెడ్, ఎరుపు బ్యాండ్ల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే పచ్చదనం సూచిక. ముందు బ్యాండ్లను రీశాంపుల్ చేయండి, తర్వాత నిష్పత్తి. సగం చెరువు, సగం దాళ్వా వరి ఉన్న సెల్ తీసుకోండి. ఎరుపు రెంటిలోనూ 0.04, నియర్ ఇన్‌ఫ్రారెడ్ నీటిలో 0.02, వరిలో 0.40. విడివిడిగా ఎన్‌డీవీఐ మైనస్ 0.33, 0.82. వాటి సగటు 0.24. బ్యాండ్లకు ముందు సగటు తీస్తే ఎరుపు 0.04, ఇన్‌ఫ్రారెడ్ 0.21, ఎన్‌డీవీఐ 0.68. ఒకటి ఎండిపోయిన చేనంటుంది, ఇంకోటి పచ్చని పొలమంటుంది. పెద్ద సెల్ ఉన్న సెన్సర్ అక్కడ చూసి ఉంటే దానికి కనిపించేది రెండోది. కాబట్టి ల్యాండ్‌శాట్‌తో పోల్చేటప్పుడు రెండో దారే సరైనది. 10 మీటర్ల ఎన్‌డీవీఐల మండల సగటు కావాలంటే మాత్రం మొదటిది. అది వేరే ప్రశ్న, వేరే జవాబు. నివేదికలో ఏది చేశారో రాయండి.

రాడార్‌లోనూ ఇదే తిరకాసు. డెసిబెల్ అంకెలకు సగటు తీయకూడదు. నీరు మైనస్ 20, ఊరు మైనస్ 5 అయితే డెసిబెల్ సగటు మైనస్ 12.5. లీనియర్‌లోకి మార్చి సగటు తీసి వెనక్కి తెస్తే మైనస్ 7.9. వరద గుర్తించడానికి పెట్టుకున్న గీతకు ఇవి చెరో పక్క పడగలవు. సార్వా నాట్ల రోజుల్లో నీళ్ళు పెట్టిన మళ్ళు రాడార్‌కు వరదలాగే కనిపిస్తాయన్నది మాత్రం సెల్ సైజుతో తీరే బాధ కాదు. దానికి నాట్లకు ముందరి చిత్రంతో పోల్చాల్సిందే.

క్యూజీఐఎస్‌లో వరుసగా ఏం నొక్కాలి?

1. లేయర్ ప్రాపర్టీస్‌లో ఇన్ఫర్మేషన్ చూడండి: పిక్సెల్ (సెల్) సైజు, ఆరిజిన్ (గ్రిడ్ మొదలయ్యే చోటు), నోడేటా (డేటా లేని సెల్‌కు పెట్టే అంకె), డేటా టైపు. నాలుగూ రాసిపెట్టుకోండి.
2. రాస్టర్ మెనూ, ప్రొజెక్షన్స్, వార్ప్.
3. టార్గెట్ సీఆర్‌ఎస్‌గా ఈపీఎస్‌జీ 32644 ఇవ్వండి (సీఆర్‌ఎస్ అంటే మ్యాపు వాడే నిర్దేశాంకాల పద్ధతి). ఇది మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్. 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశాల మధ్యది కాబట్టి భీమవరం నుంచి కాకినాడ దాకా ఒకే జోన్‌లో పడుతుంది.
4. రీశాంప్లింగ్ పద్ధతి ఎంచుకోండి. ముందే పెట్టి ఉండేది నియరెస్ట్. ఎత్తులకు దాన్నే వదిలేయడం మామూలుగా జరిగే తప్పు.
5. అవుట్‌పుట్ రిజల్యూషన్ గడిలో సెల్ సైజు ఇవ్వండి. ఇది టార్గెట్ సీఆర్‌ఎస్ యూనిట్లలో ఉంటుంది.
6. అడ్వాన్స్‌డ్‌లో నోడేటా, డేటా టైపు పెట్టండి. అదనపు కమాండ్ లైన్ పారామీటర్ల గడిలో హైఫన్ తర్వాత టి, ఏ, పి అనే మూడు చిన్న ఆంగ్ల అక్షరాలు రాయండి. దీంతో సెల్ అంచులు సెల్ సైజు గుణిజాల మీద కూర్చుంటాయి.

ప్రొజెక్షన్ మార్పు, సెల్ సైజు మార్పు ఒకే వార్ప్‌లో చేయండి. ముందు యూటీఎంకు, తర్వాత 10కి, మళ్ళీ ఇంకో గ్రిడ్‌కు అని మూడుసార్లు తిప్పితే ప్రతిసారీ డేటా కొంత మసకబారుతుంది, లేదా జరుగుతుంది.

సెల్ సైజు 10 అని ఇస్తే డెల్టా మొత్తం ఒకే గడి అయింది.

సీఆర్‌ఎస్ డిగ్రీల్లో ఉంది. మీరు అడిగింది 10 డిగ్రీల సెల్, మొత్తం డెల్టా ఒక డిగ్రీ వెడల్పు కూడా ఉండదు. యూటీఎంకు మార్చాకే మీటర్లలో ఇవ్వండి.

డిగ్రీల్లో ఉన్న డేటా మీద విస్తీర్ణం కూడా లెక్కకట్టకండి. 16.5 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక ఆర్క్ సెకండ్ ఉత్తర దక్షిణాలుగా 30.7 మీటర్లు, తూర్పు పడమరలుగా 29.7 మీటర్లు. సెల్ చదరం కాదు.

సెంటినెల్, ల్యాండ్‌శాట్ రెండూ యూటీఎం 44లోనే ఉన్నాయి. అయినా సెల్స్ ఒకదాని మీద ఒకటి కూర్చోవడం లేదు.

ప్రొజెక్షన్ ఒకటే, గ్రిడ్ మొదలయ్యే చోటు వేరు. ల్యాండ్‌శాట్‌లో సాధారణంగా సెల్ నడిమధ్య 30 గుణిజాల మీద ఉంటుంది, కాబట్టి అంచు 15 మీటర్ల పక్కకు పడుతుంది. సెంటినెల్-2లో అంచులే గుణిజాల మీద ఉంటాయి. అందువల్ల ల్యాండ్‌శాట్ అంచు సరిగ్గా ఒక 10 మీటర్ల సెల్ మధ్యలోంచి పోతుంది. రెంటినీ తీసివేసి మార్పు మ్యాపు చేస్తే ప్రతి చెరువుకు ఒక పక్క పెరిగినట్టు, ఇంకో పక్క తగ్గినట్టు జంట అంచులు వస్తాయి. చెరువుల విస్తరణ మీద చేసే పనిలో ఇవి నిజమైన మార్పుల్లాగే కనిపించి మోసం చేస్తాయి.

ఒక గ్రిడ్‌ను ప్రమాణంగా పెట్టుకుని మిగతావన్నీ దానికే కలపండి. క్యూజీఐఎస్‌లో అలైన్ రాస్టర్స్, ఆర్క్‌జీఐఎస్‌లో స్నాప్ రాస్టర్ సెట్టింగ్ ఇందుకే ఉన్నాయి. ఆర్క్‌జీఐఎస్‌లో వేర్వేరు సెల్ సైజులను కలిపి లెక్కిస్తే ముందే పెట్టి ఉండే నియమం ప్రకారం పెద్ద సెల్‌కే అన్నీ మారతాయి, అదీ చెప్పకుండా. కాబట్టి సెల్ సైజు ఎప్పుడూ మీరే ఇవ్వండి.

అమలాపురం దగ్గర డెమ్‌లో నిలువు గీత కనిపిస్తోంది.

82 డిగ్రీల రేఖాంశం అమలాపురం పక్కగానే పోతుంది. ఎత్తుల డేటా ఒక డిగ్రీ పలకలుగా వస్తుంది కాబట్టి కోనసీమ రెండు పలకల మధ్య చీలుతుంది. రాజమహేంద్రవరం, కాకినాడలు 17 డిగ్రీల అక్షాంశం దగ్గరవి. పై వైపు కూడా కావాలంటే నాలుగు పలకలు. ఒక్కో పలకను విడిగా రీశాంపుల్ చేసి తర్వాత అతికిస్తే అంచు దగ్గర అవతలి సెల్స్ అందక గీత పడుతుంది. ముందు బిల్డ్ వర్చువల్ రాస్టర్‌తో అన్నీ కలిపి, తర్వాత ఒకేసారి వార్ప్ చేయండి. ఎస్‌ఆర్‌టీఎం ముడి పలకలో 3601 వరుసలు ఉండటానికి కారణం అంచు వరుస పక్క పలకలోనూ ఉండటమే, కంగారు పడొద్దు.

గీత లేకుండా మొత్తం చిత్రమే సగం సెల్ పక్కకు జరిగితే, ఒక సాఫ్ట్‌వేర్ అక్షాంశ రేఖాంశాలను సెల్ మూలకు, ఇంకోటి సెల్ మధ్యకు తీసుకుందన్నమాట.

అంతర్వేది వైపు తీరం వెంబడి వేల మీటర్ల లోతు గోతులు వచ్చాయి.

నోడేటా చెప్పలేదు. ఎస్‌ఆర్‌టీఎంలో డేటా లేని సెల్‌కు మైనస్ 32768 ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోతే దాన్ని కూడా ఎత్తనుకుని సగటులో కలుపుతుంది. మబ్బులదీ అదే సంగతి: ముందు మబ్బు సెల్స్‌ను నోడేటా చేసి తర్వాత సగటు తీయండి, వెనకముందైతే మబ్బు తెలుపు చుట్టుపక్కల చేలలోకి పాకుతుంది. ఇంకో జాగ్రత్త: సముద్రానికి సున్నా ఇచ్చి ఆ సున్నానే నోడేటాగా పెడితే సున్నా ఎత్తున్న ఉప్పు నేలలూ పోతాయి. మైనస్ 9999 వంటిది వాడండి.

జూమ్ చేస్తే నున్నగా కనిపిస్తోంది. డేటా మారిందా?

లేదు. సింబాలజీలో ఉన్న రీశాంప్లింగ్ తెర మీద బొమ్మకే. డేటా అలాగే ఉంది. ఎగుమతి చేసేటప్పుడు రెండర్డ్ ఇమేజ్ ఎంచుకుంటే మాత్రం ఎత్తులు పోయి రంగులు మిగులుతాయి. రా డేటా ఎంచుకోండి.

వాతావరణ శాఖ వర్షపాత గ్రిడ్‌ను 30 మీటర్లకు మార్చి గ్రామాల వారీగా ఇవ్వవచ్చా?

0.25 డిగ్రీల సెల్ ఇక్కడ సుమారు 27.7 కిలోమీటర్లకు 26.7 కిలోమీటర్లు, లక్షా 80 వేల ఎకరాల పైమాట. దాన్ని ఎంత ముక్కలు చేసినా పక్కపక్క ఊళ్ళ వాన తేడా రాదు. నమూనాకు ఇన్‌పుట్‌గా కావాలంటే మార్చుకోండి, గ్రామాల జాబితాగా ముద్రించకండి. జనాభా గ్రిడ్‌ను 100 మీటర్ల నుంచి కిలోమీటరుకు మార్చేటప్పుడైతే సమ్ వాడాలి. యావరేజ్ వాడితే జనం వందో వంతుకు పడిపోతారు.

చివరికి ఏ సెల్ సైజు పెట్టుకోవాలి?

మ్యాపు స్కేలు నుంచి మొదలుపెట్టేవారికి భూగోళ శాస్త్రవేత్త వాల్డో టోబ్లర్ చెప్పిన లెక్క ఉంది: స్కేలు హారాన్ని 1000తో భాగిస్తే గుర్తించగల వస్తువు మీటర్లలో, అందులో సగం సెల్ సైజు. 1:50,000కు 25 మీటర్లు. వస్తువు నుంచి మొదలుపెట్టేవారు తమకు కావలసిన అతి చిన్న వెడల్పులో కనీసం రెండు సెల్స్ పట్టేలా చూసుకోవాలి, మూడు పడితే నమ్మకం. 30 మీటర్ల కాలువకు 10 మీటర్లు సరిపోతుంది, 4 మీటర్ల బోదెకు ఏ ఉచిత ఉపగ్రహ చిత్రమూ సరిపోదు.

యంత్రం ఓపిక కూడా చూసుకోండి. వంద కిలోమీటర్లకు 70 కిలోమీటర్ల చట్రం 10 మీటర్లలో 7 కోట్ల సెల్స్, ఫ్లోట్32లో 280 మెగాబైట్లు. అదే 1 మీటరులో 28 గిగాబైట్లు, అదీ ఒక్క బ్యాండుకు. అనేక లేయర్లను కలిపేటప్పుడు, వాటిలో జవాబును నిర్ణయించే లేయర్లలోకెల్లా ముతకదాని సెల్‌కు మిగతావాటిని దించడమే సాధారణంగా సరైనది. కాలువల వంటి సన్నని వస్తువులే ఆ పనికి ప్రాణమైతే, వాటిని భిన్నాలుగా మార్చి ఆ ముతక గ్రిడ్‌లోకే తీసుకురండి.

ఫైల్ పేరులో సెల్ సైజు, పద్ధతి రెండూ పెట్టండి: నీరు, భిన్నం, 30 మీటర్లు, యావరేజ్. ఏడాది తర్వాత ఆ ఫైల్ తెరిచేవారు అందులోని 0.33 ఎక్కడిదో మిమ్మల్ని ఫోన్ చేసి అడగక్కర్లేకుండా ఉంటుంది.